అబ్బా బరఫ్

నేను బరఫ్ పడటం ఒక్కసారి కూడా చూడలేదు. నల్గొండలో పుట్టి, హైదరాబాద్‌లో నౌకరీ చేసుకునేవాడికి ఎక్కడ కనిపిస్తుంది? అయినా పోయిన ఏడాది ఏడు నెలలు నా రోజీరోటీ అంతా బరఫే. వీడియో గేముల్లో కొండలు, గోడలు, నేల, చెట్ల బెరడు ఉంటాయి కదా, వాటి మీద కంటికి కనిపించే పొర తయారుచేయడం నా పని. టెక్స్‌చర్ అంటారు దాన్ని.

ఖాందాన్‌లో ఈ పని ఎవరికీ సమజ్ కాదు. రిష్తా మాటలప్పుడు ఖాలా "కంప్యూటర్ ఇంజనీర్" అని చెప్పి ఊరుకుంటుంది. జాందార్ల తస్వీర్లు గీస్తున్నానేమోనని అమ్మీకి ఫికర్. రాళ్లు, మట్టి, బరఫ్ అని చెప్పాక "అల్‌హందులిల్లా" అనుకుంది. అబ్బా మాత్రం ఫోన్లో పడి పడి నవ్వాడు.

"కంప్యూటర్ మే బరఫ్? కౌన్ లేతా రే?"

నవ్వడూ మరి! అబ్బాది బరఫ్ గోలా బండి. ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు పడేదాకా గల్లీ గల్లీ తిరిగేవాడు. లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సు వస్తే మాకు ఈద్ ముందే వచ్చినట్టు. ఫ్యాక్టరీ నుంచి బరఫ్ దిమ్మ తెచ్చి, రంపపు పొట్టు చల్లి, గోనెసంచిలో చుట్టి పెట్టేవాడు. ఆ తడి గోనె వాసన నాకు ఇప్పటికీ యాదుంది.

నేను చేసిన మొదటి బరఫ్‌ని మా లీడ్ ఒక్క మాటతో తీసిపారేశాడు. "సున్నం కొట్టిన గోడలా ఉంది."

నిజమే. తెలుపుకి కొలత 0 నుంచి 255 దాకా ఉంటుంది. బరఫ్ అంటే తెలుపే కదా అని నేను 255 పెట్టేశాను. అలా పెడితే ఇక వెలుగు పడటానికి జాగా ఉండదు. ఎండ ఎక్కడో, నీడ ఎక్కడో తెలియదు. 240 దగ్గరే ఆగాలి. రంగు సరిచేశాను. గరుకుదనం, ఎత్తుపల్లాలు, ఒక్కోదానికి ఒక్కో పొర చేశాను. పైకి తిరిగి ఉన్న ముఖాల మీదే బరఫ్ నిలవాలి, నిలువు గోడ మీద నిలవకూడదు. దాని లెక్క కూడా కుదిరింది. ఇషా తర్వాత కూర్చుని 2015లో వచ్చిన రైజ్ ఆఫ్ ద టూంబ్ రైడర్‌లో అడుగులు దిగబడే తీరు, 2018 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదట్లో వచ్చే మంచు కొండలు ఆపి ఆపి చూశాను. మెహనత్‌కి కమీ లేదు. ఐనా నా బరఫ్‌లో జాన్ లేదు.

లోపం లోపలి వెలుగులో ఉంది. బరఫ్ మీద పడ్డ వెలుగు పైనే ఆగిపోదు. లోపలికి దూరి, పలుకుల మధ్య తిరిగి తిరిగి బయటికొస్తుంది. ఆ దారిలో ఎరుపు కొంచెం ఎక్కువ తగ్గిపోతుంది. అందుకే లోతైన గుంటల్లో నీలం కనిపిస్తుంది. చదివితే అర్థమైంది, చేతికి రాలేదు.

ఆ రాత్రి అబ్బాకి ఫోన్ చేశాను. దిమ్మ లోపల ఎలా ఉంటుందని అడిగాను.

"అంచుల్లో శీషాలా ఉంటది. నడుమ పాలలా తెల్లగా ఉంటది, అది గాలి. నీళ్లు బయట్నుంచి గడ్డకడుతూ వస్తే గాలి నడుమ ఇరుక్కుంటది. ఆ ముక్క జల్దీ కరుగుద్ది. దాన్ని పిల్లలకి ఇచ్చేటోణ్ని కాదు."

"మరి రందా పడితే శీషా ముక్క కూడా తెల్లగా ఎందుకవుద్ది?"

"గాలి పోతది కదరా మధ్యల."

నేను పది వ్యాసాలు చదివి తెలుసుకున్నది అదే.

రెండు వారాలకి, ఫజర్ వేళ, అబ్బా ఇంతెకాల్ అయిపోయాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

దఫన్ అయ్యాక మౌలానా సాబ్ ఇంటికొచ్చి కూర్చున్నారు. జనాజా నమాజ్‌లో చదివిన దువా మానీ చెప్పారు. నీళ్లతో, బరఫ్‌తో, వడగళ్లతో మయ్యత్‌ని కడగమని అల్లాని అడుగుతామట.

"బరఫ్‌తోనా?" అన్నాను.

"హా బేటా. సల్జ్ అంటే బరఫ్."

ఎన్ని జనాజాల్లో నిలబడ్డానో, ఆ లఫ్జ్ మీద నా ధ్యాస ఎప్పుడూ ఆగలేదు. గోనెసంచి నీళ్లు కారి ఎప్పుడూ తడిసి ఉండే అబ్బా కుడి భుజం గుర్తొచ్చింది. అందరి ముందూ ఏడ్చేశాను.

పదో రోజు తమ్ముడూ నేనూ సగం దిమ్మ తెచ్చాం. వాకిట్లో బండి మీద అబ్బా రందా పెట్టి తమ్ముడు గీకాడు. వెనక నుంచి టార్చ్ పట్టి నేను ఫోటోలు తీశాను. నల్గొండ ఎండలో ఎక్కువ టైము దొరకదు. కానీ ఆ కొద్ది నిమిషాల్లోనే కావల్సింది కనిపించింది. అప్పుడే గీకిన పొడి తెల్లగా మెరిసింది. కాసేపటికి అంచుల్లో పలుకులు ఒకదానికొకటి అతుక్కుని, గాలి పోయి, బూడిద నీలంలోకి దిగాయి. అంటే బరఫ్ వయసు కూడా చూపించాలన్నమాట. కొత్తది, తొక్కుడు పడ్డది, కరిగి మళ్లీ గడ్డకట్టింది. మూడు పొరలు చేసి, దారి మీద ఒకటి, చూరు కింద ఒకటి, గుమ్మం ముందు ఒకటి వేశాను. ఈసారి లీడ్ "ఓకే" అన్నాడు. దానికి మించి అనే అలవాటు ఆయనకి లేదు.

రంజాన్‌లో ఇంటికెళ్లినప్పుడు ఇఫ్తార్ అయ్యాక అమ్మీకి ల్యాప్‌టాప్‌లో చూపించాను. కొండ కింద ఊరు, కప్పుల నిండా బరఫ్, సాయంత్రపు నీలం. దుపట్టా సర్దుకుంటూ చాలాసేపు చూసింది.

"ఇంత బరఫ్ ఊరికే దొరికితే, మీ అబ్బా ఫ్యాక్టరీ వాడికి ఒక్క పైసా ఇచ్చేవాడు కాదు" అంది.