సహనమా, మౌనమా?

మార్కాపురం పలకల గనిలో రాయి జారిపడి మా మదరసా విద్యార్థి తండ్రి కుడిచేయి నలిగిపోయింది. అతడు మేస్త్రీ తెచ్చిన మనిషని, తనకు సంబంధం లేదని యజమాని పరిహారం నిరాకరించాడు. కొద్దిపాటి సొమ్ము చేతిలో పెట్టి, ఇక ఏమీ అడగనని కాగితంపై వేలిముద్ర వేయించుకున్నాడు. సలహా కోరి వచ్చిన అతనితో “సబర్ చేయండి భాయ్” అన్నాను. కూలివాని హక్కును గూర్చిన హదీసులు పిల్లలకు బోధించే నేనే ఆ మాటన్నాను.

ఏడాదిన్నర తరువాత ఒక న్యాయవాది చెప్పగా తెలిసింది. అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం, తన వ్యాపారపు పనిని మేస్త్రీ ద్వారా చేయించుకున్నా అసలు యజమాని బాధ్యుడయ్యేవాడు. హక్కు వదులుకున్నట్లు వ్రాయించుకున్న కాగితం చెల్లేది కాదు. నిరాకరణ ఎదురైతే కమిషనర్‌కు దరఖాస్తు చేసుకోవలసి ఉండేది. ప్రమాదం నాటి నుండి గడువు 2 సంవత్సరాలుగా ఉండేది. తగిన కారణముంటేనే ఆలస్యాన్ని మన్నించేవారు. కమిషనర్ ఉత్తర్వుపై, ముఖ్యమైన న్యాయప్రశ్న ఉన్నప్పుడు, 60 రోజులలో హైకోర్టుకు అప్పీలు చేసే వీలుండేది. (రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్ కూడా ఆ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధే. మన పలకల కార్మికులలో ఈ సంగతి ఎందరికి తెలుసు?)

ఇంకా ఆరు నెలలే మిగిలాయి. ఆసుపత్రి చీటీలు, ఇద్దరు తోటి కూలీల సాక్ష్యం సమకూర్చుకొని బయలుదేరాము. బస్టాండులో అతన్ని క్షమాపణ కోరాను.

“బస్సు వచ్చింది, హజ్రత్” అన్నాడు.