తాడు లేని తాటిమట్ట

కుడి మణికట్టు విరిగిన సంగతి అమ్మకి పదకొండు రోజులు చెప్పలేదు. వీడియో కాల్‌లో ఫోన్ ఎడంచేత్తో పట్టుకుని గెడ్డం దాకానే చూపించేవాణ్ణి. "ఏరా, మొహం తప్ప ఏం కనపడట్లేదు?" అంటే, "చలమ్మా, దుప్పట్లో ఉన్నా" అనేవాణ్ణి. సాల్ట్‌లేక్ సిటీలో ఫిబ్రవరి కాబట్టి నమ్మింది.

ఇరవై ఏడేళ్ల వయసులో స్నోబోర్డు ఎక్కడమే దీనంతటికీ కారణం.

మా ఆఫీసులో చలికాలం వచ్చిందంటే శుక్రవారం మధ్యాహ్నం నుంచే కొండల కబుర్లు మొదలవుతాయి. ఎక్కడ ఎన్ని అంగుళాల మంచు పడింది, ఎవరు ఏ కొండకి వెళ్తున్నారు, ఇదే గోల. కొత్తగా చేరినవాణ్ణి అందరూ అడిగే మొదటి ప్రశ్న "స్కీయా, బోర్డా?" మన దగ్గర ఏ హీరో ఫ్యాన్‌వి అని అడిగినట్టన్నమాట. నేను బోర్డు అన్నాను. దాని వెనకాల సిద్ధాంతమేమీ లేదు. అద్దె షాపులో స్కీ బూట్లు ప్లాస్టిక్ బకెట్లలా గట్టిగా ఉన్నాయి, బోర్డు బూట్లు మెత్తగా ఉన్నాయి. అంతే.

"అయితే మాతో ఆల్టాకి రాలేవు" అన్నాడు మా టీమ్ లీడ్. ఏడిపిస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే నిజమే. మా ఊరి పక్కనే ఉన్న ఆల్టాలో స్కీయర్లకే ప్రవేశం. అమెరికాలో ఇప్పటికీ బోర్డుని రానివ్వని పేరున్న కొండలు మూడు. యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్. ఒలింపిక్స్‌లో పతకాలిచ్చే ఆటకి ఈ అంటరానితనమేంటని ఆ రాత్రి చదవడం మొదలెట్టాను. రెండింటి దాకా నిద్రపోలేదు.

కథ 1965 క్రిస్మస్ రోజున మొదలైంది. మిషిగన్ రాష్ట్రంలో మస్కీగన్ అనే ఊరు. షెర్మన్ పాపెన్ అనే ఇంజినీరు తన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలని పక్కపక్కన పెట్టి బిగించాడు. దాని మీద నిలబడి, సముద్రపు అల మీద సర్ఫింగ్ చేసినట్టు పెరటి దిబ్బ మీంచి జారారు పిల్లలు. స్నోని, సర్ఫ్‌ని కలిపి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది ఆయన భార్య. తర్వాత బ్రన్స్‌విక్ కంపెనీ దాన్ని బొమ్మగా తయారుచేసి లక్షల్లో అమ్మింది. కాళ్లకి కట్టు లేదు, పట్టీ లేదు. ముందు కొసకి ఒక తాడు, అంతే. ఆ తాడు పట్టుకుని బ్యాలెన్స్ చేసుకోవాలి.

ఆ ఫొటో చూసి ఆగిపోయాను. అచ్చం మా నాన్న చేసిందే.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. వేసవిలో ముంజెలు తిన్నాక బుర్రలతో బండి చేసివ్వడం అందరి నాన్నలూ చేసేదే. మా నాన్న ఇంకో మెట్టు ఎక్కాడు. మట్టతో సహా పెద్ద తాటాకు తెచ్చి, మట్ట అంచున రంపప్పళ్లలా ఉండే ముళ్లన్నీ కత్తితో చెక్కేసి, దాని కొసకి తాడు కట్టేవాడు. పిల్లల్ని ఆకు మీద కూర్చోబెట్టి లాగడం మామూలు ఆట. నేను మాత్రం నిలబడతానని పేచీ. కాలవగట్టు మీద, తాడు గుర్రం కళ్లెంలా పట్టుకుని, అటు నుంచి కిందికి. మోకాళ్లు చెక్కుకుపోయేవి. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ఎనిమిదో తరగతిలో రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. ఆ తర్వాత ఇంటర్ కాలేజీ. అయిదంతస్తుల బిల్డింగు, గ్రౌండు లేదు. వరండాలో టెన్నిస్ బంతి దొరికితే వార్డెన్ లాక్కుని బీరువాలో వేసేవాడు. ఆ బీరువాలో ఎన్ని బంతులుండేవో! ఇంజినీరింగ్, ఉద్యోగం, వీసా. పదమూడేళ్ల వయసు నుంచి ఇరవై ఏడు దాకా నేను ఒక్కసారి కూడా కింద పడలేదు. ఇది గొప్ప కాదని మొదటి క్లాసులోనే తెలిసింది. ఆరేళ్ల పిల్లలు పడి, మంచు దులుపుకుని, నవ్వుకుంటూ లేస్తున్నారు. నేను పడేముందే వణికిపోతున్నాను.

సరే, కథలోకి వద్దాం. ఆ బొమ్మని ఆటగా మార్చింది ఒక్కరు కాదు. ఎవరు కనిపెట్టారన్నది ఇప్పటికీ తేలని పంచాయితీ. కాలిఫోర్నియా వైపు టామ్ సిమ్స్ అనే స్కేట్‌బోర్డర్, ఇక్కడ యూటాలో వింటర్‌స్టిక్ బోర్డులు చేసిన డిమిట్రీ మిలోవిచ్. అందరికన్నా పేరు నిలిచింది జేక్ బర్టన్ కార్పెంటర్‌కి. న్యూయార్క్‌లో ఉద్యోగం మానేసి 1977లో వెర్మాంట్ వెళ్లి చెక్కతో బోర్డులు చేయడం మొదలుపెట్టాడు. 1979లో మిషిగన్‌లో స్నర్ఫర్ పోటీలకి తన సొంత బోర్డుతో వెళ్లాడు. దానికి కాలు బిగించే పట్టీ ఉంది. ఇది స్నర్ఫర్ కాదని గొడవ. చివరికి ఆయన కోసం వేరే విభాగం పెట్టారు.

బోర్డు తయారైంది సరే, జారడానికి కొండేది? స్కీ రిసార్టులు లిఫ్టు ఎక్కనివ్వలేదు. వీళ్లు రాత్రిపూట లిఫ్టులు ఆగాక బోర్డు చంకన పెట్టుకుని నడిచి ఎక్కేవాళ్లు. 1983లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ తలుపు తీసింది. పెద్ద రిసార్టుల్లో ముందుగా తీసినవాటిలో అదొకటి. కొన్నిచోట్ల మన లైసెన్సుకి ఎనిమిది వేయించినట్టు ముందు పరీక్ష పెట్టేవాళ్లు. పాసైతేనే టికెట్టు.

స్కీయర్ల అభ్యంతరాల్లో కొన్ని ఒట్టి అసూయే. వదులు ప్యాంట్లు, గోల, కుర్రతనం. కానీ కొన్ని నిజం. బోర్డు మీద పక్కకి తిరిగి నిలబడతాం, కాబట్టి వీపు వైపు ఏముందో కనపడదు. రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించి ఉంటాయి, అలసిపోతే దారి మధ్యలో చతికిలబడటమే. నేనూ అలా కూర్చుంటే ఒక పెద్దాయన చుట్టూ తిరిగి వెళ్తూ చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన తప్పేం లేదు.

మరి ఎందుకు ఒప్పుకున్నారు? మనసు మారి కాదు, డబ్బు. ఎనభైల్లో స్కీయింగ్ చేసే తరానికి వయసు మీదపడుతోంది, కొత్త కుర్రాళ్లు రావట్లేదు. కుర్రాళ్లేమో బోర్డు పట్టుకుని గేటు బయట ఉన్నారు. వాళ్ల దగ్గర టికెట్ డబ్బులున్నాయి. 1985లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'ఎ వ్యూ టు ఎ కిల్'లో విరిగిన స్నోమొబైల్ ముక్క మీద బాండ్ మంచులో జారిపోతాడు. రోజర్ మూర్‌కి డూప్‌గా జారింది మన టామ్ సిమ్సే. గేటు బయట నిలబెట్టిన ఆటని ప్రపంచమంతా తెర మీద చూసింది.

1998లో నగానో ఒలింపిక్స్. అక్కడా సజావుగా జరగలేదు. స్నోబోర్డర్ల సొంత సమాఖ్యని పక్కనపెట్టి స్కీయింగ్ సమాఖ్య చేతికిచ్చారని, అప్పటి మేటి ఆటగాడు నార్వే కుర్రాడు టెర్యె హాకన్సన్ అసలు వెళ్లనే లేదు. మొదటి స్వర్ణం గెల్చిన కెనడావాడు రాస్ రెబాగ్లియాటికి గంజాయి పరీక్షలో దొరికాడని పతకం తీసేసుకుని, నిషేధిత జాబితాలో అది లేదని తేలాక మళ్లీ ఇచ్చేశారు. ఇంతకన్నా స్నోబోర్డింగ్‌కి తగ్గ ప్రవేశం ఉండదు. ఆ తర్వాత షాన్ వైట్ మూడు స్వర్ణాలు, 2018లో పదిహేడేళ్ల క్లోయీ కిమ్. ఇక చెప్పేదేముంది.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. గెంటేసినవాళ్ల దగ్గరే స్కీయర్లు నేర్చుకున్నారు. నడుము సన్నగా ఉండే స్కీలు, రెండు కొసలూ పైకి తిరిగిన స్కీలు, ఎగిరి దూకే పార్కులు, వీటన్నిటి మీదా బోర్డు ప్రభావం ఉంది. 2014 సోచీలో స్కీయర్లకి కూడా హాఫ్‌పైప్ పోటీ పెట్టారు. న్యూమెక్సికోలో టావోస్ కూడా 2008లో తలుపు తీసేసింది. ఆల్టా తియ్యలేదు. ప్రభుత్వ అటవీభూమిలో ఈ వివక్షేంటని 2014లో కొందరు బోర్డర్లు కేసు వేస్తే కోర్టు కొట్టేసింది, 2016లో అప్పీలూ పోయింది. నాకు కోపం రావాలి, రాలేదు. రూల్ రాసిపెట్టిన గేటు ముందు నిలబడటం వీసావాళ్లకి కొత్తేం కాదు. పైగా పక్కనే ఇంకో కొండుంది.

ఆ ఇంకో కొండ మీదే మూడోవారం పడ్డాను. మడమల అంచు మీద మెల్లగా దిగుతూ, ఒక్క క్షణం బోర్డుని బల్లపరుపుగా వదిలాను. వేళ్ల వైపు అంచు మంచులో దిగబడింది. ముందుకి, చేతులు చాపి. చేతులు చాపొద్దని ఇన్‌స్ట్రక్టర్ వందసార్లు చెప్పాడు పాపం. ఆరు వారాలు కట్టు. ఆ వారమే మా రిలీజ్. ఎడంచేతి ఒక్క వేలుతో కోడ్ కొడుతుంటే, "నీ టైపింగ్ కన్నా మంచు త్వరగా కరుగుతుంది" అన్నాడు టీమ్ లీడ్.

పదకొండో రోజు అమ్మకి చెప్పేశాను. ఏడ్చింది, తిట్టింది, ఫోన్ నాన్న చేతికిచ్చి వెళ్లిపోయింది. నాన్న చెయ్యి చూపించమన్నాడు. తర్వాత బోర్డు చూపించమన్నాడు. ఫొటో పంపాను.

"తాడేదిరా?"

"ఉండదు నాన్నా. కాళ్లు బిగించేస్తారు."

"మరి ఎటు తిరగాలో దానికెట్టా తెలుస్తది?"

ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి, కార్పెట్ మీద నిలబడి, ఎడంకాలు ముందు పెట్టి, మడమలు, వేళ్లు, బరువు ఎటు వెయ్యాలో చేసి చూపించాను. నాన్న శ్రద్ధగా చూశాడు.

"ఎడంకాలు ముందెందుకు పెట్టావు?"

"మొదటిరోజు వెనకనుంచి నెట్టి చూశారు నాన్నా. ఎడంకాలే ముందు పడింది. అందుకని అట్లా బిగించారు."

"నెడితే ఏదో ఒకటి పడుద్ది. గట్టు మీద నువ్వెప్పుడూ కుడికాలే ముందు పెట్టేవాడివి. నేను మార్చినా మళ్లీ అదే పెట్టేవాడివి."

కట్టు మార్చి నెలాఖరులో తీశారు. కొండ మీద ఇంకా మంచుంది. అద్దె షాపులో కుర్రాడితో గూఫీ అని చెప్పాను, కుడికాలు ముందుంటే ఇక్కడ అలాగే అంటారు. వాడు స్క్రూడ్రైవర్ తీసుకుని బైండింగులు రెండూ విప్పి, అటువైపుకి తిప్పి బిగించాడు.