శీర్షం దగ్గర కాసేపు

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని తెలియగానే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల నుంచి జనం పిల్లాపాపలతో బయల్దేరతారు. చూడాల్సిన దృశ్యమే. గేట్ల లెక్క సులువు: గేట్లు 26, వాటి అడుగు మట్టం 546 అడుగులు, గేటు ఎత్తు 44, కలిపితే నిండు మట్టం 590. నా చూపు మాత్రం స్పిల్‌వే అడుగుకు పోతుంది. అక్కడ కాంక్రీటు దోసిలిలా పైకి వంగి ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని బకెట్ అంటారు. పైనుంచి జారిన నీరు ఆ వంపులో తల తిప్పుకుని, గాల్లోకి లేచి, దూరంగా పడుతుంది. గాలి అడ్డును పక్కన పెడితే ఆ దారి పరావలయం.

భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యా, కా, నీ అని అక్షరాలు పెట్టాడు. మనం బకెట్ అంచు నుంచి దూరాన్ని ‘దూ’ అనీ, ఎత్తును ‘ఎ’ అనీ అందాం. మీటర్లలో ఎ = దూ − దూ²÷40 అనుకుందాం. ఇవి సాగర్ కొలతలు కావు, చేత్తో చేసుకోవడానికి వీలైన అంకెలు.

నీరు ఎంత ఎత్తు లేస్తుందో ఈ రూపం చెప్పదు. మైనస్ 40వ వంతును బయటికి తీయండి, లోపల దూ² − 40దూ మిగులుతుంది. 40లో సగం 20, దాని వర్గం 400. ఆ 400 కలిపి, వెంటనే తీసేస్తే (దూ − 20)² − 400. బయట ఉంచిన మైనస్ 40వ వంతుతో మళ్లీ గుణిస్తే:

ఎ = 10 − (దూ − 20)²÷40

వర్గం ఎన్నడూ సున్నా కంటే తగ్గదు. అంటే 10 లోంచి తీసివేతే తప్ప దానికి కూడిక లేదు. దూరం 20 అయినచోట ఆ తీసివేతా ఉండదు. నీరు అక్కడే 10 మీటర్ల శిఖరం అందుకుంటుంది. పరావలయానికి అదే శీర్షం. ఏ సూత్రమూ అక్కర్లేకుండా సమీకరణమే నోరు విప్పింది!

పదో తరగతిలో వర్గం పూర్తి చేయడం నేర్పుతాం కానీ మూలాల కోసమే. ఈ వరుస రాగానే ‘ఎ’ను సున్నా చేసి, వర్గమూలం తీసి 0, 40 రాసి గీత గీసేస్తాం. మూలాలు చిన్న విషయమని కాదు, నీరు ఎక్కడ పడుతుందో చెప్పేది ఆ 40యే. నీరు కట్ట మొదట్లోనే పడితే పునాది రాతిని కోసేస్తుంది, దూరంగా విసరడానికే బకెట్ ఉంది. కానీ ఆ 0, 40 కూడా శీర్షానికి చెరోవైపు 20 మీటర్లలోనే ఉన్నాయి కదా! టీచర్లు ఆ వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగి, పిల్లల చేత దాన్ని పైకి చదివిస్తే బాగుండునని నా గట్టి కోరిక.

ఆ తర్వాత వాళ్లనే అడగొచ్చు: నీటి వేగం రెట్టింపైతే? 40 స్థానంలో 160 వస్తుంది. ఎ = 40 − (దూ − 80)²÷160. రెట్టింపు వేగానికి ఎత్తూ నాలుగింతలే, దూరమూ నాలుగింతలే.