కాశీ చీటీలు

మంచిర్యాలలో మా యింటి మేడమీది గదిలో పాత ట్రంకుపెట్టె ఒకటి ఉన్నది. మొన్న వేసవిలో మా అబ్బాయి దాన్ని తెరిచి, "నాన్నా, ఈ తెల్లకాయితాలు ఎందుకు దాచిపెట్టినవు?" అని అడిగాడు. నా గుండె ఝల్లుమన్నది. అవి తెల్లకాయితాలు కావు. 2018 జనవరిలో అమ్మను తీసుకొని కారులో కాశీకి వెళ్లి వచ్చినప్పటి రసీదులు.

కాశీకి రైలుండగా కారెందుకని పాఠకులు అడగవచ్చు. ఆ మాట నేనూ అడిగాను. "రైల్ల పోతే పండుకొని లేసుడే. మనకు నచ్చిన కాడ దిగనిస్తరా?" అన్నది అమ్మ. ఇంక చెప్పేదేమున్నది? కారు కాగితాలు, బీమా, కాలుష్య పరీక్ష పత్రం, లైసెన్సు, అందరి ఆధారు కార్డులు ఒక సంచిలో పెట్టుకొని బయలుదేరాము. ఆ సంచి నా వంతు. మినపసున్ని ఉండలు, కారప్పూస మా ఆవిడ వంతు. అమ్మ చేతిలో మాత్రం ఒక పెన్సిలు ముక్క.

లక్షెట్టిపేట, జన్నారం మీదుగా అడవిదారిన నిర్మల్ చేరుకున్నాము. అక్కడ కారు ఆపక తప్పలేదు. నాగపూరులో చుట్టాలింటికి వట్టి చేతులతో ఎలా వెళ్తాము? నిర్మల్ బొమ్మలు మీరు చూసే ఉంటారు. తేలికైన పొణికి కర్రను చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, ఆపైన రంగులు వేస్తారు. పని అంతా నకాషీల చేతుల్లోనే. ఈ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని అడవిలో పొణికి చెట్టు అరుదైపోయిందని వాళ్ల దిగులు. మా అత్తాకోడళ్లు చిలుకల రంగు దగ్గర కొంతసేపు వాదించుకొని, చివరకు రాజీ పడ్డారు. దుకాణదారు ఇచ్చిన బిల్లు నేను మడిచి పారవేయబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్ల పారేస్తవేందిరా? ఇటియ్యి."

బిల్లు వెనక పెన్సిలుతో ఏదో రాసి నా సంచిలో వేసింది. నాన్న మందమర్రి బొగ్గుబావిలో పనిచేసిన రోజుల్లో, జీతం వచ్చిన నాటినుండి నెలాఖరుదాకా పైసా పైసాకూ పద్దు రాసిన చెయ్యి అది. ఊరుకుంటుందా? ఆ తరువాత ప్రతి టోలుగేటు దగ్గరా ఇదే వరస. నేను రూపాయలు ఇవ్వడం, ఆ పిల్లవాడు చీటీ ఇవ్వడం, వెనక సీటునుంచి "ఎంతైంది?" అని అమ్మ చెయ్యి ముందుకు రావడం.

ఆదిలాబాదు దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర. సరుకుల పన్ను తనిఖీకి లారీలు బారులు తీరి నిలిచే రాష్ట్ర సరిహద్దు గేట్లను, 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన తరువాత ఎత్తివేశారు. నిర్మల్‌లో మేము ఎక్కిన బాట చిన్నది కాదు. కాశీనుంచి కన్యాకుమారిదాకా 2,369 కిలోమీటర్ల పొడవున సాగిన పాత ఏడవ నెంబరు జాతీయ రహదారి అది. 2010లో నెంబర్లు మార్చి, దాన్ని ముక్కలుగా కొత్త రోడ్లలో కలిపారు. నెంబరు మారినా దారి మారదు కదా. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసునుంచి పల్లకీలో కాశీకి వెళ్లినప్పుడు హైదరాబాదు, నిర్మల్, నాగపూరు, జబల్‌పూరు మీదుగానే సాగిపోయారు. దారిపొడుగునా తాను చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికి రాసి పంపితే, ఆయన వాటిని భద్రపరచి 1838లో అచ్చువేయించారు. రాసినవారొకరు, దాచినవారొకరు. అందుకే ఆ యాత్ర నేటికీ మనకు దక్కింది.

నాగపూరులో కమలాపండ్ల బుట్ట, భేడాఘాట్‌లో నర్మద ఒడ్డున మెత్తరాతితో చెక్కిన చిన్న శివలింగం కారెక్కాయి. అప్పటికి అలహాబాదు ఇంకా ప్రయాగరాజ్ కాలేదు. ఆ పేరు అదే సంవత్సరం అక్టోబరులో మారింది. కాశీలో లక్కరంగు వేసిన కొయ్యబొమ్మలు కొన్నాము. "మన నిర్మల్ దానికి తీసిపోదు" అని అమ్మ తీర్పు చెప్పింది. రాగిచెంబుల్లో గంగ, కాశీదారాల కట్ట సరేసరి. వీటన్నిటికీ ఏదో ఒక చీటీ ఉన్నది.

ఒక్కదానికి లేదు. కాశీకి వెళ్లినవారు ఇష్టమైన పండో కూరో అక్కడ వదిలిపెట్టాలని మనవాళ్ల ఆచారం. మా ఆవిడ కాకరకాయ వదిలిపెడతానన్నది. ఇష్టమైనది వదలాలని నేను గుర్తుచేయవలసివచ్చింది! అమ్మ మాత్రం మారుమాట లేకుండా సీతాఫలం వదిలేసింది. దసరా వస్తే గంపెడు పండ్లు ముందు పెట్టుకొని కూర్చునే మనిషి. ఆ తరువాత మనుమడికి గింజలు తీసి పెట్టేదేగాని, ఒక్క తొన నోట వేసుకోలేదు.

చంద్రపూర్, ఆసిఫాబాదు దారిన తిరిగివచ్చి, గోదావరిలో స్నానం చేసి, గంగపూజ చేసి, వాడకట్టులో అందరికీ దారాలు పంచాము. రసీదులన్నిటినీ నేను శ్రద్ధగా ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ట్రంకుపెట్టెలో దాచాను. 2021లో అమ్మ మాకు దూరమైంది. ఆ తరువాత పెట్టె తెరవడానికి మనసు ఒప్పలేదు.

ఇప్పుడు తెరిస్తే ఈ తెల్లకాయితాలు! తరువాత తెలుసుకున్నాను. ఈ రసీదుల మీద సిరా ఉండదు. కాగితానికి పూసిన మందు యంత్రంలోని వేడి తగిలి నల్లబడుతుంది, అంతే. ఎండ, వేడి, నూనెచెయ్యి తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. కొన్నిరకాల ప్లాస్టిక్ సంచులు కూడా వాటిని చెరిపివేస్తాయట. అందులోనూ మా మంచిర్యాల ఎండలు! భద్రంగా దాచాననుకొని నేనే పాడుచేసుకున్నాను. చతికిలబడి కూర్చున్నాను.

మా అబ్బాయి ఒక చీటీ తిరగేసి, "నాన్నా, నానమ్మ రాసింది ఉన్నది" అన్నాడు.

ఉన్నది. పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. "నిర్మల్. కోడలు పచ్చ చిలుక అన్నది, నేను ఎర్రది అన్న. రెండూ కొన్నం." ఇంకొకటి: "నర్మద. నీళ్లు చల్లగున్నయి. మోకాళ్ల నొప్పి యాదికి రాలే." పడవవాడి చీటీ వెనక: "గంగ. మీ నాన్న పేరు చెప్పి మూడు మునుగులు మునిగిన. ఆయన చూస్త చూస్త అని చూడకనే పాయె."

పద్దు రాస్తున్నదని నేను అనుకున్నాను. ఏ చీటీ మీదా ఒక్క అంకె లేదు.

2021 ఫిబ్రవరినుంచి టోలుగేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. కారు అద్దానికి అంటించిన బిళ్లే డబ్బు కట్టేస్తుంది. ఆగి చీటీ తీసుకునే పని తప్పింది. సుఖమే. అయినా ఈ దసరా సెలవుల్లో కాళేశ్వరం వెళ్దామనుకుంటున్నాము. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు మా అబ్బాయి ఇంకా చూడలేదు. వాడి చొక్కాజేబులో ఇప్పటికే ఒక పెన్సిలు ముక్క చేరింది.