శరత్కాలంలో దేహం

వానలు వెనుకపట్టి, ఆకాశం తేటపడే ఆశ్వయుజ కార్తిక మాసాలు శరదృతువు. కవులకిది వెన్నెల కాలం. వైద్యులకు మాత్రం జాగరూకత వహించవలసిన కాలం. వర్షర్తువులో చల్లదనానికి అలవాటుపడిన దేహంపై, మబ్బులు విడిన తర్వాత ఎండ ఒక్కసారిగా పడుతుంది. అంతవరకు లోలోపల సంచితమైన పిత్తం అప్పుడు ప్రకోపిస్తుందని వాగ్భటుడు ‘అష్టాంగహృదయం’లోని ఋతుచర్యాధ్యాయంలో వివరించాడు. వాతావరణ శాస్త్రజ్ఞులు ‘అక్టోబరు వేడి’ అని వ్యవహరించేది ఈ ఎండనే. నేల తడిగా, గాలి చెమ్మగా ఉండగా కాసే ఎండ కనుక దాని ఉక్క వేరు.

నేడు ప్రపంచమంతటా వ్యాపించిన యోగ పుస్తకాలలో చాలావరకు శరత్తును వాతకాలంగా పరిగణిస్తాయి. అమెరికా ఉత్తర ప్రాంతాలలో ఆ వేళ ఆకులు రాలుతాయి. పొడి చలిగాలులు వీస్తాయి. కనుక గోరువెచ్చని నువ్వులనూనెతో మర్దనం, స్నిగ్ధమైన వేడి ఆహారం అక్కడ హితం. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ సలహా సముచితమే. దానినే విజయవాడలోనో వరంగల్లులోనో యథాతథంగా అనుసరించడం వివేకం కాదు. వాగ్భటుడు ఈ ఋతువులో విడువమన్నవాటిలో నూనె, పెరుగు, తీవ్రమైన ఎండ, పగటినిద్ర, కడుపు బిగువుగా తినడం ఉన్నాయి. చేదు, తీపి, వగరు రుచులు గల తేలికైన ఆహారం – వరి అన్నం, పెసలు, ఉసిరి, చేదుపొట్ల వంటివి – మేలన్నాడు. పెరుగు లేనిదే భోజనం ముగియని తెలుగువారికి ఇది కఠిన నియమమే. అట్లతద్ది నాటి వేకువన పెరుగన్నం తిని ఊయలలూగే ఆడపిల్లలు ఏ వైద్యగ్రంథాన్నీ సంప్రదించలేదు. ఆచారం తర్కం ఆచారానిది.

యోగారంభానికి మాత్రం శరత్తు ప్రశస్తం. ‘ఘేరండసంహిత’ అందుకు వసంత శరత్తులనే నిర్దేశించి, ఇతర ఋతువులలో ఆరంభిస్తే రోగాలు కలుగుతాయని హెచ్చరించింది. ఐక్యరాజ్యసమితి 2014లో ప్రకటించిన అంతర్జాతీయ యోగదినోత్సవం జూన్ 21న వస్తుంది. ఆ సంహితాకర్తను అడిగి ఉంటే మరొక తేదీ సూచించేవాడేమో!

వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి దినచర్యను ఈ సందర్భంలో తలచుకోక తప్పదు. దసరా సెలవులు ముగియగానే పాఠాల వేగం పెరుగుతుంది, రాత్రి చదువు పొడవవుతుంది, నిద్ర కుదించుకుపోతుంది. దేహం బల్లకు, మనస్సు మార్కులకు అతుక్కుపోయిన ఆ స్థితిలో కష్టతరమైన ఆసనాలు అక్కరలేదు. సూర్యోదయానికి ముందు తాడాసనంలో నిలబడి, రెండు పాదాలపై బరువు సమంగా పడుతున్నదా అని గమనించడం తొలి మెట్టు. వృక్షాసనంలో ఒంటికాలిపై తూలుతూ నిలదొక్కుకునేటప్పుడు రేపటి పరీక్ష కాసేపు మరుగున పడుతుంది. తరువాత శీతలి. నాలుకను గొట్టంలా చుట్టి దాని గుండా గాలి పీల్చి, ముక్కుతో మెల్లగా విడవాలి. ‘హఠయోగప్రదీపిక’ దీనిని పిత్తహరమని పేర్కొన్నది. నిశ్శ్వాసవేళ గుండె కొట్టుకొనే వేగం కొంత తగ్గుతుందని ఆధునిక శరీరశాస్త్రమూ చెబుతున్నది. జలుబు, ఉబ్బసం ఉన్నవారు శీతలి జోలికి పోరాదు. చివర శవాసనం, అలసట తీర్చి చిత్తానికి విశ్రాంతి ఇవ్వడం దాని ఫలమని ఆ గ్రంథమే చెప్పింది.

వానాకాలం వెళ్ళిన ఈ రోజులలోనే దోమలు పెచ్చుపెరిగి డెంగీ విజృంభిస్తుంది. జ్వరం వచ్చినవాడికి కావలసింది వైద్యుడు, ఆసనం కాదు.

పగలు సూర్యకిరణాలతో వేడెక్కి, రాత్రి చంద్రకిరణాలతో చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో విషదోషం వీడిన నీటికి ప్రాచీనులు ‘హంసోదకం’ అని పేరుపెట్టారు. నేటి చెరువునీటికి ఆ పేరు చెల్లదు. కాచి చల్లార్చినదే శరణ్యం. అగస్త్యుడు మాత్రం తెల్లవారుజామున దక్షిణాకాశంలో ఇప్పటికీ కనిపిస్తాడు. రాత్రి తొలిజామున మేడపై వెన్నెలలో కూర్చోవడాన్ని కూడా వాగ్భటుడు శరచ్చర్యలో చేర్చాడు. మంచులో తడవడాన్ని నిషేధించాడు. భోజనానికీ రాత్రి చదువుకూ మధ్య పది నిమిషాలు పిల్లలను మేడమీదికి పోనిచ్చే వసతిగృహాలు ఎన్ని ఉన్నాయో!