పాత సైకిలు – కొత్త భాగాలు

పాత వస్తువును కాపాడుకోవడమంటే దానిని మార్చకుండా ఉంచడమా, పనికివచ్చేటట్లు చేయడమా? మా తాతగారి ర్యాలీ సైకిలు నన్ను ఈ ప్రశ్న ముందు నిలబెట్టింది. ఇంగ్లండులోని నాటింగ్‌హాం నగరంలో ఆరంభమైన సంస్థ పేరది. రోలుగుంట నుండి నర్సీపట్నానికి తాతగారి ప్రయాణం దానిమీదనే సాగేది.

దాని బ్రేకులకు తీగలు లేవు. ఇనుపకడ్డీలు రబ్బరు ముక్కలను చక్రపు అంచుకు లోపలివైపు నుండి అదుముతాయి. తడిసిన ఉక్కు రిమ్ముపై ఆ పట్టు సడలుతుంది. అల్యూమినియం రిమ్ము వేస్తే పట్టు పెరుగుతుంది. కాని రిమ్ము మారితే బ్రేకులు, బ్రేకులు మారితే హ్యాండిలు మారవలసి వస్తుంది. చివరకు మిగిలేది చట్రమే! పైగా ఆ సంస్థ పెడళ్ల ఇరుసుగూటికి అంగుళానికి 26 మరచుట్లు పెట్టేది. ఇతర బ్రిటిషు సైకిళ్లకు సాధారణంగా 24. కొత్త భాగాన్ని బలవంతంగా బిగిస్తే గూటి మర చెడుతుంది.

అందుచేత ఒక నియమం ఏర్పరచుకొన్నాను. టైర్లు, బ్రేకు రబ్బర్లు, చైను అరిగిపోవడానికే పుట్టినవి. వాటిని సంకోచించక మార్చాలి. చట్రం, హ్యాండిలు, కడ్డీలు సైకిలుకు రూపమిచ్చినవి. వాటిని బాగుచేయించి నిలుపుకోవాలి. ఏ మార్పు చేసినా తీసిన భాగాన్ని భద్రపరచాలి.

తాతగారి జ్ఞాపకం విలువైనదే. దారిలో ఎదురయ్యే పసివాని ప్రాణం అంతకంటె విలువైనది. కనుక వానాకాలంలో ఆ సైకిలు మా వసారా దాటదు.