లేసు అల్లిన చేతులు

రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలను దర్శించినవారు ఆ చిత్రకారుని ప్రతిభకు ముగ్ధులై తిరిగివస్తారు. ఇరవై ఎనిమిదేండ్లయినా నిండకుండా 1925లో అస్తమించిన మహనీయుడాయన. అయితే ఆయన సహధర్మచారిణి సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకారిణులేనన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? భార్యగా, సోదరిగానే వారిని స్మరించడం మనకు అలవాటైపోయింది. వారికి పేర్లయినా మిగిలాయి. పేరు సైతం మిగలని కళాకారిణులు ఈ డెల్టాలో వేల సంఖ్యలో ఉన్నారు. వారు నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలు.

మా అమ్మమ్మగారు ఆ ప్రాంతంవారే. మధ్యాహ్నం వంటపాత్రలు సర్దుకొన్న తరువాత క్రోషా సూది, దారపు ఉండ పుచ్చుకొని అరుగుమీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గాని లేచేవారు కారు. ఒక్కొక్క పువ్వు, ఒక్కొక్క ఆకు వ్రేళ్ళ లెక్కతోనే రూపు దాల్చేది. కాగితంపై గీసిన నమూనా ఆమె ముందు నేనెన్నడూ చూడలేదు. జనాభా లెక్కలవారు వచ్చి ఆమె వృత్తి ఏమిటని అడిగితే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని తాతగారు చెప్పేవారట. ఆమె కూడ కాదనలేదు.

జర్మన్ సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలపై 1982లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్నే ఎత్తిచూపారు. దేశాంతరాలకు ఎగుమతయ్యే సరుకును తయారుచేస్తున్నా వీరిని గృహిణులుగానే పరిగణించి, వీరి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా లెక్కకట్టడంవల్లనే కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె నిరూపించారు. తీరికట! మా అమ్మమ్మగారికి తీరిక చిక్కిన రోజు ఒక్కటీ నాకు జ్ఞాపకం లేదు.

ఇంటిపనికీ కళకూ నడుమ గల ఈ గోడను ప్రశ్నించిన విదేశీ కళాకారిణి ఒకరున్నారు. న్యూయార్కుకు చెందిన మియర్లీ లేడర్మన్ యూకలీస్, తొలి బిడ్డకు తల్లి అయిన తరువాత, శుభ్రపరచడం, సాకడం, కాపాడడం కూడ కళయేనని 1969లో ప్రకటించారు. 1973లో ఒక మ్యూజియం మెట్లను స్వయంగా కడిగి, అదే తన కళాప్రదర్శన అన్నారు. 1979-80లో తమ నగరంలోని 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులతో కరచాలనం చేసి కృతజ్ఞతలు తెలిపారు. అదే నగరంలో 1982లో ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి, కోట్ల డాలర్లు పలికే పూడ్చిన నేలపై రెండెకరాల గోధుమ పండించి, భూమి ఆహారం కోసమా, వ్యాపారం కోసమా అని లోకాన్ని నిలదీశారు. రెండెకరాల పంట మన రైతుకు వింత గాదు. వరిచేలు చేపల చెరువులుగా మారడం చూస్తున్న మనకు ఆ ప్రశ్న మాత్రం ఇంటి ప్రశ్నయే.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని అది కాపాడేది ఊరి పేరును. అల్లినవారి పేరును కాపాడవలసినవారు ఇంకెవరో కావాలి.

కళాశాల కమిటీవారికి నాదొక విన్నపం. రాబోయే వార్షిక ప్రదర్శనలో లేసు వస్తువులు ఉంచినట్లయితే, ప్రతి వస్తువు ప్రక్కన ఒక చీటీ పెట్టించండి. అల్లినవారి పేరు, పట్టిన దినాలు, ముట్టిన కూలి అందులో వ్రాయించండి. మూడవ గడిని ఖాళీగా వదలవద్దు.